తొట్టిలో విలాంగు పిల్లలు

వానలు పడి ఆనకట్ట గోడ తడిగా ఉన్న రోజుల్లో విలాంగు పిల్లలు దాని మీద పాకుతూ పైకి పోతాయి. విలాంగు అంటే పుస్తకాల్లో మలుగుపాము అని రాస్తారే, పాములా ఉండే ఆ చేప. మా అత్త తమ్ముడు తడిపిన గోనెసంచిని ఆ రాళ్ల మీద పరిచి ఇంటికి పోతాడు. తెల్లారి వెళ్లి చూస్తే, పైకి పోదామని బయల్దేరినవన్నీ సంచి మడతల్లో దూరి ఉంటాయి. సంచిని అలాగే చుట్టి హోసూరులో మా ఇంటికి తెచ్చేస్తాడు. పాలిచ్చే తల్లికి విలాంగు పులుసు పెడితే నడుం గట్టిపడుతుందని, పాలు బాగా పడతాయని ఉద్దనపల్లిలో మా అత్త పుట్టింటివాళ్ల నమ్మకం. పాప పుట్టిన కొత్తలో నేనూ తాగాను. రుచిగానే ఉండేది.

డిగ్రీలో నేను జంతుశాస్త్రం చదివాను. ఈ చేప సముద్రంలో పుడుతుంది. నదిలోకి వచ్చేటప్పుడు గాజుముక్కలా ఉంటుంది, ఒంట్లోంచి వెన్నెముక కనిపిస్తుంది. కడలూరు దగ్గర నదిలో దూరి, ఎదురీదుకుంటూ, ఆనకట్టలు ఎక్కుతూ మా దాకా వస్తుంది. వచ్చేదాకా దాని ఒంట్లో పెద్దగా ఏమీ ఉండదు. ఆనకట్ట ఎక్కేముందు ఇక్కడి బురదలో నెలల తరబడి పురుగుల్ని తింటూ పెరిగేకొద్దీ, ఇక్కడి నీళ్లలో ఉన్నదంతా దాని కండలో చేరుతుంది. మా నీళ్లలో ఏముందో తెలియాలంటే వాన పడిన మర్నాడు నది దగ్గరికి వెళ్లి, పైనున్న ఫ్యాక్టరీల నీళ్లతో వచ్చే నురగ చూస్తే చాలు. ఇలాంటి నీళ్లలో పెరిగే చేపల్లో పాదరసం చేరుతుందని చదివాను. మా నీళ్లలో ఉందని నాకెవరూ చెప్పలేదు. లేదనీ చెప్పలేదు.

పాపకు ఏడో నెల వచ్చాక, నేను మళ్లీ కంపెనీలో ఫ్యాక్టరీ పనికి పోవడం మొదలుపెట్టిన వారంలో, అత్త తమ్ముడు మళ్లీ సంచితో వచ్చాడు.

"యాడ పట్టినారు?" అని అడిగాను.

"నీళ్లలోనే పట్టినానమ్మా, చెట్టు మీద కాదులే," అని నవ్వాడు.

నేను తిననని చెప్పాను. ఎందుకో అత్తకు చెప్పాను.

"పాదరసమా? జరం చూసే గాజుపుల్లలో ఉంటుందే, అదా? అది చేప కడుపులోకి ఎట్ల పోతుందే?"

బొగ్గు పొగ, పగిలిన ట్యూబులైట్లు, ఫ్యాక్టరీల నీళ్లు అని నాకు తెలిసినంత చెప్పాను. అది తల్లి పాలల్లోంచి బిడ్డకు పోతుందని, ఎదిగే మెదడుకు చేటని చెప్పాను. అత్త అంతా విన్నది. విని, స్నానాలగది పక్కనున్న సిమెంటు తొట్టిలో బోరు నీళ్లు నింపి, విలాంగు పిల్లల్ని అందులో వదిలింది. నది చేపకు బురద వాసన పోవాలంటే వాళ్ల ఊళ్లో చేసే పని అదే.

"నాలుగు దినాలు మంచి నీళ్లలో ఉంటే కడుపు కడిగేసుకుంటాయి. బురదే పోతుంది, ఇది పోదా?"

"బురద కడుపులో ఉంటుంది అత్తా. ఇది కండలో ఉంటుంది. పోదు."

"చదువుకున్నోళ్లకి అన్నీ కండలోనే ఉంటాయి."

మోకాళ్ల నొప్పితోనే పొద్దున, సాయంత్రం తొట్టి తోడి నీళ్లు మార్చేది. నా కోసమే చేసేది. అది చూస్తుంటే నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలిసేది కాదు. మా ఆయనతో చెబితే, "నువ్వు తినొద్దు, అయిపాయ గదా," అని షిఫ్టుకు పోయాడు. పాపకు సూది వేయించడానికి పోయినప్పుడు డాక్టరమ్మను అడిగాను. తినడం మానేయమంది. ఇదివరకు తిన్నదాని సంగతేమిటి, ఎక్కడైనా పరీక్ష చేస్తారా అంటే, ఇంత ఆలోచిస్తే పాలు ఎండిపోతాయని నవ్వింది.

ఒక సాయంత్రం షేర్ ఆటో దిగి ఇంటికి వచ్చేసరికి తొట్టి ఖాళీగా ఉంది. పాప అత్త ఒళ్లో ఆడుకుంటోంది. ఎత్తుకుని ముద్దుపెట్టుకోబోతే దాని నోట్లోంచి మిరియాలు, చింతపండు వాసన వచ్చింది.

"ఏం పెట్టినారు అత్తా?"

"నువ్వెట్లాగూ తినవు. పారేసేదానికి మనసొప్పలేదు. నేను తాగినాను, బిడ్డకి రెండు చెంచాలు రసం పెట్టినాను. ముల్లు లేకుండా వడగట్టే పెట్టినానులే."

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. పాప బెదిరి ఏడ్చింది.

"నీ మొగుణ్ణి ఈ పులుసు పోసే పెంచినాను. వాడేమన్నా పిచ్చోడా?" అంది అత్త.

"అప్పటి నీళ్లు వేరు అత్తా!"

"నీళ్లు చెడిపింది నేనా?"

ఒంటి మీద ఇంకా కంపెనీ చొక్కా ఉంది.

మర్నాడు పొద్దున పాపను మళ్లీ అత్త చేతికే ఇచ్చాను. ఇంకెవరి చేతికి ఇవ్వను? మా వీధిలో ఇంత చిన్న పిల్లల్ని చూసుకునేవాళ్లు లేరు. "రాగి అంబలే పెడతాను, పో," అంది నా వైపు చూడకుండా. పెడుతుందనే నమ్మాలి.

రెండు చెంచాలకు ఏమీ కాదని నాకు తెలుసు. కానీ రెండు చెంచాలే కాదు. మొదటి నెలల్లో నేను తాగినదంతా పాలై పాపకే పోయింది. అది ఎంతో చెప్పేవాళ్లు లేరు. అందుకే ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి పోయి దాని చెయ్యి ముట్టుకుని వస్తున్నాను. ఇంట్లో ఉన్నంతసేపూ, చెవులు వినిపిస్తున్నాయో లేదోనని వెనక నుంచి పిలుస్తాను. తిరిగి చూస్తుంది. కాసేపటికి మళ్లీ పిలుస్తాను.

అత్త తమ్ముడు మర్చిపోయిన గోనెసంచి పిట్టగోడ మీద ఆరుతుంటే తీసి చెత్తబండిలో వేశాను. అత్త చూసింది. సాయంత్రం నేను వచ్చేసరికి, బియ్యం ఖాళీ అయిన గోనెసంచి ఒకటి ఉతికి అదే గోడ మీద ఆరేసి ఉంది.