లెక్కల పీరియడ్‌కు ముందు తాడాట

2018 జూన్‌లో రఘునాథపల్లి మండలంలోని ఒక ఉన్నత పాఠశాలకు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా బదిలీపై వచ్చాను. అప్పటికి నా సర్వీసు ఇరవై తొమ్మిదేళ్లు. బడుల్లో రాయని నియమం ఒకటుంది. దసరా సెలవులు అయిపోగానే పదో తరగతి ఆటల పీరియడ్ లెక్కలకో సైన్సుకో వెళ్లిపోతుంది. టైంటేబుల్‌లో మాత్రం ఆటలనే ఉంటుంది.

నవంబరులో లెక్కల సారు ఆ పీరియడ్ అడిగారు. ఇవ్వనన్నాను. భోజనం తర్వాత కునికే పిల్లలు కాసేపు కదిలితేనే పాఠం వింటారని హెడ్మాస్టరు గారి ముందు వాదించాను. కదలిక వల్ల మెదడుకు రక్తం, ప్రాణవాయువు బాగా అందుతాయి. ఆ తర్వాత కొంతసేపు ధ్యాస నిలుస్తుంది.

“మీ పిల్లలు ఉరుకుతరు మేడం, లెక్కలు ఉరుకయి,” అన్నారు సారు.

హెడ్మాస్టరు గారు గడువు పెట్టారు: మూడు వారాలు, వారానికి ఇరవై మార్కుల స్లిప్ టెస్ట్ ఒకటి, అదీ ఆటల పీరియడ్ అయిన వెంటనే. మార్కులు పెరగకపోతే పీరియడ్ మార్చి దాకా లెక్కలదే.

మొదటి వారం తప్పు నాదే. గెలవాలన్న తొందరలో మైదానం చుట్టూ ఎనిమిది చుట్లు పరుగెత్తించి, చెమట ఆరకముందే పరీక్షకు పంపాను. ముప్పై ఒక్క మందిలో పంతొమ్మిది మందికి మార్కులు తగ్గాయి. అంతకుముందు లెక్కల టెస్టులో ఆరు తెచ్చుకున్న మౌనికకు నాలుగే వచ్చాయి. కారణం అడిగాను.

“తిన్నది గొంతుకాడనే ఉన్నది మేడం. లెక్క ఎరుకే, చెయ్యి వణుకుతాంటె పెన్ను నిలువలే. ఎడ్లను గూడ గిట్ల ఉరికియ్యరు,” అంది.

నిజమే. పీరియడ్‌ను మళ్లీ విడగొట్టాను. మొదటి పదిహేను నిమిషాలు నీడలో ఆట నియమాలు చెప్పడం, తర్వాత ఇరవై నిమిషాలు తాడు తిప్పుతూ గెంతే తాడాట, చివరి పది నిమిషాలు మెల్లగా నడక, మంచినీళ్లు. మొత్తం నలభై అయిదు. తాడాటకు కొలత ఒకటే: గెంతుతూనే పక్కనున్నవారితో ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి.

రెండో టెస్టులో అయిదుగురికే తగ్గాయి, మౌనికకు తొమ్మిది. మూడోదాంట్లో ఆమెకు పన్నెండు. అయితే ఆ టెస్టుకు ముందు సారు ఒక పాఠం మళ్లీ చెప్పారు. అందుకని పెరిగిన మార్కులన్నీ నా ఖాతాలో వేసుకోలేదు. పీరియడ్ మాత్రం నిలిచింది.

జనవరిలో ఒకరోజు ముసురు పట్టింది. పిల్లలను తరగతిలోనే కూర్చోబెట్టాను. లెక్కల సారు గుమ్మంలోకి వచ్చారు.

“ఏంది మేడం, ఇయ్యాల తాళ్లు తీస్తలేరా? వాన వడితే వరండ లేదా? మబ్బు దినమే వీళ్లు ఇంకింత తూగుతరు. జర ఆడియ్యిండ్రి.”

వరండాలోనే ఆడించాను.

వ్యాయామం మెదడును పాఠానికి సిద్ధం చేస్తుంది, పాఠాన్ని మాత్రం నేర్పదు. దానికి మోతాదు ఎంత అవసరమో, ఆ తర్వాత విరామమూ అంతే అవసరం. రిటైరయ్యే దాకా నా రిజిస్టరులో ఆట నిమిషాల పక్కన మంచినీళ్ల నిమిషాలు కూడా రాశాను.