గుండేసుకుంటన్నాను

“విశాఖకి పంపే కాగితం మీద సంతకం పెట్టేశాను సిస్టర్. ఇంకా అడ్డం నిలబడతారేంటి?”

“అడ్డం కాద్సార్. రెండు నిమిషాలు ఇమ్మంటన్నాను.”

“బీపీ డెబ్భైకి పడింది. గుండె పనిచెయ్యట్లేదు. రెండు నిమిషాలంటే ఏమిటో తెలుసా మీకు?”

“తెలుసు. విశాఖ మూడు గంటల తోవనీ తెలుసు.”

“నువ్వు నర్సువా, డాట్రువా తల్లీ?” మధ్యలో నరసింగరావు అందుకున్నాడు. “మాయమ్మ పోతంటే బేరాలాడతావేటి?”

రాజాంలో ఆ ప్రైవేటు ఆసుపత్రి మేడమీద వరండా అంతా చెవులు రిక్కించి వింటోంది. స్ట్రెచర్ మీద నరసింగరావు తల్లి కూర్మమ్మ కళ్లు తేలేసి పడివుంది. కింద అంబులెన్సు ఇంజను ఆపకుండా నిలిపారు. స్ట్రెచర్ కదలడం లేదు. చక్రం బ్రేకు మీద నర్సు పద్మకుమారి కాలు ఉంది.

ఆ కాలు తియ్యమని డ్యూటీ డాక్టరు ప్రదీప్ రెండుసార్లు చెప్పాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆవిడ డాక్టరు మాట రెండోసారి చెప్పించుకున్నది అదే మొదలు.

ఆవిడది గజపతినగరం దగ్గర పల్లె. నువ్వు చేలల్లో పెరిగింది, నర్సింగు చదివింది, శృంగవరపుకోటలో మొదటి ఉద్యోగం. అక్కడ ఒక ముసలి రైతుకు కాలు కుళ్లితే తీసేశారు. కొడుకులు ఒప్పుకున్నారు, డాక్టరు ఒప్పుకున్నాడు. ముసలాడి బొటనవేలు పట్టి సిరాలో అద్ది కాగితం మీద నొక్కించింది పద్మకుమారే. మత్తు దిగాక అతను దుప్పటి ఎత్తి చూసుకున్నాడు. ఏడవలేదు. “నన్నెవులూ అడగనేదేటమ్మా?” అన్నాడు. అంతే. కాలు తియ్యడం తప్పుకాదు, తియ్యకపోతే మనిషి దక్కేవాడు కాదు. కానీ ఆ మాట విని పద్మకుమారి మందుల గదిలోకి పోయి నిలబడింది. వేలికంటిన సిరా రెండు రోజులకి పోయింది. మాట పోలేదు.

అప్పటినుంచీ ఆవిడకో అలవాటు. కొత్త రోగి వస్తే ముందు కేస్ షీట్ చూడదు. ఇనప స్టూలు ఈడ్చుకుని మంచం పక్కన కూర్చుంటుంది. “ఏటైనాది సెప్పమ్మా” అంటుంది. వాళ్లు కోడిపెట్ట దగ్గర మొదలెట్టి కోడలి దాకా వెళ్లి, అక్కణ్ణించి కడుపునొప్పికి వస్తారు. ఆవిడ వింటుంది. తోటి నర్సులు దానికి ‘పద్మక్క కోర్టు’ అని పేరు పెట్టారు. పని తెమలదని మేనేజరు రెండుసార్లు మెమో ఇచ్చాడు. మెమోలు బీరువాలో ఉన్నాయి, స్టూలు వార్డులో ఉంది.

కూర్మమ్మ విషయంలో ఆ కోర్టు జరగలేదు. పశువుల పాకలో జారి కాలు విరిగి ఆమె చేరిన రోజు పద్మకుమారి సెలవులో ఉంది. నాలుగో రోజు ఉదయం డ్యూటీకి వచ్చేసరికి ముసలామె రాత్రినుంచీ వాంతులతో సొమ్మసిల్లి ఉంది. షీట్ మీద ‘పాత గుండె జబ్బు, రోజూ మందు వాడుతోంది’ అని ఉంది. గుండె మీద భారం పడకూడదని సెలైను దాదాపు ఆపేశారు.

పద్మకుమారికి ఆ షీట్ మింగుడు పడలేదు. ఒళ్లు పుల్లలా ఉంది, మొహం మాత్రం బూరెలా ఉబ్బి ఉంది. చేతుల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడి నల్లగా కమిలిన మచ్చలు. ఇలాంటి మొహాలు ఆవిడ ఇదివరకు చూసింది. గుండె జబ్బు వార్డులో కాదు.

“సార్, ఒక్కటే అడుగుతాను,” అంది, కాలు తియ్యకుండానే. “గుండె జబ్బని మీకెవులు సెప్పినారు?”

“ఆవిడే చెప్పింది.”

“ఏమని?”

ప్రదీప్ విసుగ్గా చూశాడు. చిత్తూరు వైపు కుర్రాడు, వచ్చి ఐదు నెలలైంది. “ఏం మందులు వాడతావంటే, రోజూ గుండె... గుండేసుకుంటన్నాను అంది. గుండెకి వేసుకుంటున్నాననేగా?”

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. పద్మకుమారి నవ్వలేదు. ఇక్కడ పొడిని గుండ అంటారు. పసుపు గుండ, కారం గుండ, ముగ్గు గుండ. గుండ, ఏసుకుంటన్నాను. రెండూ కలిపి పలికితే చిత్తూరు చెవికి గుండెగా వినపడింది.

ఆవిడ స్ట్రెచర్ మీదకి వంగింది. “అమ్మా, కూర్మమ్మా. ఏ గుండమ్మా?”

పెదాలు కదిలాయి. “మోకాళ్ల... గుండ. నేదు. ఎట్టనేదు నాకు.”

“నరసింగరావుగారూ, ఏటా గుండ?”

“అది మందేటి? మోకాళ్ల నొప్పులకి ఆకుల పొడుం,” నరసింగరావు గొంతు కాస్త తగ్గింది. “సంతలో బండిమీదొచ్చి అమ్ముతాడు. ఏసుకుంటే గుర్రంలా నడుస్తాది. నాలుగేళ్లయి ఏసుకుంటంది.”

“ఇక్కడికొచ్చినాక?”

ఆయన భార్య దుర్గాభవాని ముందుకొచ్చింది. “నానే మానిపించినానక్కా. ఆస్పత్రి మందూ నాటు మందూ కలిస్తే పడదంటారు కదా.” సంచీలోంచి పొట్లం తీసిచ్చింది. మంచి మనసుతో చేసిన పనే. ఆ మంచి మనసే ముసలామెను చావు గుమ్మం దాకా తెచ్చింది.

పద్మకుమారి పొట్లాన్ని ప్రదీప్ చేతిలో పెట్టింది. “నేను డాక్టర్ని కాద్సార్. మందు రాసేది మీరే. కానీ నాలుగేళ్లు తిన్న గుండ నాలుగు రోజులై ఆగిపోయింది. ఆ మొహం సూడండి. ఆ చేతులు సూడండి. ఇందులో స్టెరాయిడ్ కలిపుంటే, ఒక్కసారి మానేసినందుకే బీపీ పడింది. ఈమెకి కావలసింది సెలైను, మనం ఆపేసింది అదే. ఇలాగే మూడు గంటలు బండిలో పంపితే విశాఖలో దిగేది మనిషి కాదు, శవం.”

చాలామంది డాక్టర్లు ఆ చోట గొంతు పెంచుతారు. ప్రదీప్ పెంచలేదు, పొట్లం విప్పడానికి కూడా ఆగలేదు. కూర్మమ్మ చేతిమీద చర్మం వేళ్లతో పట్టుకుని చూశాడు. మొహం చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“షుగరు చూడండి,” అన్నాడు.

నలభై ఎనిమిది. ఉండాల్సినదాంట్లో సగం.

“స్టెరాయిడ్ ఇంజెక్షను, హైడ్రోకార్టిజోన్ వంద. గ్లూకోజు. సెలైను ఫుల్లుగా వదలండి. రక్తం తీసి ల్యాబుకి పంపండి.” ఆఖరి మాటకి ముందే సూది నరంలో ఉంది.

అప్పుడు తీసింది పద్మకుమారి బ్రేకు మీంచి కాలు. స్ట్రెచర్ని అంబులెన్సు వైపు కాదు, వార్డు వైపు తోసింది.

ఇంజను శబ్దం కింద ఆగిపోయింది. మొదటి గంట పద్మకుమారి స్టూలు మీదనుంచి లేవలేదు. బీపీ ఎనభై. తొంభై. మధ్యాహ్నానికి నూట ఆరు. నరసింగరావు గోడకి ఆనుకుని ఒక్కో అంకె విని ఒక్కో దేవుడికి మొక్కుతున్నాడు. రెండున్నరకి కూర్మమ్మ కళ్లు తెరిచి కోడలికేసి చూసింది.

“ఒసే, ఏటైనా ఎట్టవే. ఆకలేస్తంది. మనిషి పోతేగానీ గంజి కాయవేటి?”

వార్డు వార్డంతా నవ్వింది. నరసింగరావు నవ్వుతూ ఏడ్చాడు. పొద్దున్న నోరు పారేసుకున్న మనిషి పద్మకుమారి కాళ్లమీద పడబోతే, “ఆ వొంగేదేదో మీ అమ్మ ముందు వొంగి, ఆమె ఏటంటందో ఇనండి,” అంది.

ల్యాబు రిపోర్టు పద్మకుమారి అనుమానమే నిజమంది. అలాంటి స్టెరాయిడు ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించాలి. కూర్మమ్మ కాలు అతుక్కుని చేతికర్రతో నడిచి ఇంటికి వెళ్లింది. మూడో మెమో రాలేదు. ప్రదీప్ ఇప్పుడు కేస్ షీట్ మీద తన ఇంగ్లీషు కింద ఒక గీత గీసి, రోగి అన్న మాట తెలుగులో అన్నది అన్నట్టు రాస్తాడు. మొన్నొకరోజు పద్మకుమారి వార్డులోకి వెళ్లేసరికి స్టూలు కనపడలేదు. చూస్తే దానిమీద ప్రదీప్ కూర్చుని ఉన్నాడు. ఎదుట మంచం మీద ఎవరో ముసలాడు, చెప్పడంలో కోడిపెట్ట దగ్గరున్నాడింకా. ఆవిడ చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది.

దీన్ని రాస్తానని ఒకడు వెళ్లి అడిగితే పద్మకుమారి ముందు ఒక్క ముక్క చెప్పలేదు. “నా కథ కాదది. ముందెళ్లి ఆమెనడిగి రా” అని కూర్మమ్మ ఊరికి పంపింది. “నా పేరెట్టే రాయి, అబద్దమేటి?” అని కూర్మమ్మ ఒప్పుకున్నాకే నోరు విప్పింది. అంతా చెప్పి, అతను పుస్తకం మూస్తుంటే ఆపింది.

“ఒరే బాబూ, ఒక్కటే అడుగుతాను. నన్ను దేవతనీ అదనీ రాసినా నవ్వుకుని ఊరుకుంటాను. ఆమె మాట మాత్రం దిద్దకు. గుండేసుకుంటన్నాను అంది ఆమె. అలాగే రాయి.”