బావికి పెళ్లిచూపులు

ఇంగ్లీషులో ఏడిపించడం నేను ఫిలింనగర్‌లో నేర్చుకున్నాను. తొంభైల మొదట్లో అక్కడొక సినిమా కంపెనీలో టైపిస్టుగా చేరాను. మా రచయితలు తెలుగులో చెప్పిన కథలను బొంబాయి వాళ్లకు చూపించడానికి రెండు పేజీల ఇంగ్లీషులోకి దించడం నా పని. మాది గుంటూరు వైపు. నాన్న మిషన్ స్కూల్లో ఇంగ్లీషు పాఠం చెప్పేవాడు. ఆయన పెట్టిన ఆ నాలుగు ముక్కల మీద ఆధారపడి మధురానగర్‌లో ఒక గది తీసుకుని, రోజూ రెండు బస్సులు మారి ఫిలింనగర్ గుట్ట ఎక్కేదాన్ని. తల్లి చావు, చెల్లెలి కన్నీళ్లు, అన్న ప్రతిజ్ఞ, అన్నీ టకటకా కొట్టి పడేసేదాన్ని. చదివినవాళ్లు కళ్లు తుడుచుకునేవారని మా మేనేజరు అంటుండేవాడు. ఆ పొగడ్త తలకెక్కించుకోకుండా ఉంటే బాగుండేది.

ఆఫీసు ఊడ్చే ఆవిడను నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె నన్ను బిడ్డా అనేది. షేక్‌పేట వైపు దిగే దారిలో, బండల మధ్య, రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలు ముప్పయ్యో నలభయ్యో ఉండేవి. ఆమెది అక్కడే. జూబిలీహిల్స్ బంగళాల పునాదుల్లో సగం రాళ్లు వాళ్లు పగలగొట్టినవే. ఆ పని తగ్గాక కొందరు సినిమా సెట్లు వేసే పనిలోకి, కొందరు జనం సీన్లలో నిలబడే పనిలోకి వెళ్లారు. ఆ గుడిసెలన్నిటికీ ఒకటే బావి. పెద్దమ్మ భర్త, ఇంకో నలుగురు కలిసి ఉలీ సుత్తీతో బండను తొలిచి తవ్విన బావి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఆయన ఎప్పుడో పోయాడు. బావి మాత్రం ఎండాకాలంలో కూడా నీళ్లిచ్చేది.

ఒక రోజు ఆమె చీపురు పక్కన పెట్టి, నా బల్ల దగ్గర కింద కూచుంది.

"బిడ్డా, మా బాయి ఉన్న జాగ ఎవరో కొన్నరంట. పూడుస్తమంటున్నరు. గట్టు గూడ ఒకపక్క కూలింది. ఏం జెయ్యాలె?"

నేనేం చెప్పగలను? కానీ ఊరుకునే రకాన్ని కాదు. తెలిసిన వకీలును అడిగితే, బస్తీ వాళ్లంతా ఒక సంఘం రిజిస్టరు చేసుకుని, ఆ సంఘం పేరుతో బావిని బాగుచేసి, గోడ కట్టి, బోర్డు పెడితే పూడ్చడం అంత సులువు కాదన్నాడు. రాళ్లు వాళ్ల దగ్గరున్నాయి, చేతులూ ఉన్నాయి. పూడిక తీయడానికి మోటారు, సిమెంటు, కోర్టు ఖర్చు మాత్రం లేవు. ఇలాంటి పనులకు డబ్బిచ్చే ట్రస్టులు ఉంటాయని, అప్లికేషను పెట్టుకోవాలని ఆయనే చెప్పాడు. అప్లికేషను ఇంగ్లీషులో ఉండాలట. అప్పుడు చూడాలి నా ముఖం! దేవుడు నాకు ఇంగ్లీషు ఎందుకిచ్చాడో ఆ క్షణంలో తెలిసిపోయినట్టు పొంగిపోయాను.

సంఘం రిజిస్టరు చేయించడానికే ఆరు నెలలు పట్టింది. తర్వాత నేను ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. ఆదివారాలు చర్చి నుంచి తిన్నగా ఆఫీసుకొచ్చి టైపు చేసేదాన్ని. ఒక ట్రస్టు, సంఘానికి మూడేళ్లు నిండితే గానీ అప్లికేషను చూడనంది. ఇంకో ట్రస్టు చెట్లకిస్తుందట, బావులకివ్వదట. మరొకరు పల్లెల్లో పనిచేస్తారు, పట్నంలో చెయ్యరు. పట్నంలో చేసేవాళ్లేమో, ఇది పర్యావరణం కిందికొస్తుందా, పేదల హక్కుల కిందికొస్తుందా తేల్చుకుని మళ్లీ రాయమన్నారు. తాగే నీళ్లు దేని కిందికొస్తాయో నాకిప్పటికీ తెలియదు. ఫారాల్లో లక్ష్యానికి ఒక గడి, ఉద్దేశానికి ఇంకో గడి ఉండేవి. రెంటికీ తేడా ఏమిటని మా మేనేజరును అడిగితే, ఒకటి ఇంటర్వెల్‌కు ముందు, ఇంకోటి తర్వాత అన్నాడు. మా డబ్బు అయిపోయాక మీ పథకం ఎలా కొనసాగుతుందని ఒకరు అడిగితే, అడుగున ఊట ఉందని రాశాను. దానికి జవాబే రాలేదు.

పెద్దమ్మ మాత్రం ప్రతి కాగితాన్నీ రెండు చేతులతో అందుకుని, వేలిముద్ర వేసి, కొంగుతో ఇంకు అద్ది ఇచ్చేది. "గీసారి వస్తది బిడ్డా," అనేది.

రెండో ఎండాకాలం వచ్చేసరికి స్థలం కొన్నవాళ్లు చుట్టూ ముళ్లతీగ వేశారు. బావి దగ్గరికి ఒక సందు మాత్రం వదిలారు. అప్పుడు నాకు తెగింపు వచ్చింది. ఢిల్లీలో ఆఫీసు ఉన్న ఒక విదేశీ ట్రస్టుకు, సినిమా కథ రాసినట్టు రాశాను. కూలిన గట్టు, బిందెతో సహా జారిపడి కాలు విరగ్గొట్టుకున్న పిల్ల, భర్త తవ్విన బావికి కాపలా కాస్తున్న ముసలిది. ఒక్క అబద్ధం లేదు. కాని నా పనితనం అంతా అందులో పెట్టాను. నెల తిరక్కుండానే జవాబొచ్చింది. చదివామని, కదిలిపోయామని, వచ్చి చూస్తామని. ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాను.

పరుగున వెళ్లి పెద్దమ్మకు చెప్పాను.

"పెద్దమ్మా, వాళ్లు ఒప్పుకునేలా ఉన్నారు. వచ్చే వారం మిమ్మల్ని చూడటానికి వస్తున్నారు."

"చూడనీకి వస్తున్నరా?"

"అవును. మిమ్మల్నీ, బావినీ చూసుకుని వెళ్తారు."

"జర నచ్చితే చాలు బిడ్డా," అంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నచ్చడం అనే మాట దగ్గరే నేను ఆగాల్సింది. ఆగలేదు. మన ఇళ్లల్లో 'చూడటానికి వస్తున్నారు' అంటే అర్థం ఒక్కటే కదా. నెలల తరబడి ఇంగ్లీషులో ఆ ఫారాలు నింపీ నింపీ నాకు తెలుగు మాట తెలుగులో వినపడటం మానేసింది.

ఆ రోజు ఢిల్లీ నుంచి ఒక పెద్దావిడ, ఆమెతో ఒక కుర్ర ఆఫీసరు వచ్చారు. బేగంపేట ఎయిర్‌పోర్టు నుంచి వాళ్ల కారులోనే తీసుకొచ్చాను. కారు దిగగానే చూశాను. గుడిసెల ముందు షామియానా, మడత కుర్చీలు. బంతిపూల తోరణాలు. ఆడవాళ్లంతా పట్టుచీరల్లో ఉన్నారు. జనం సీన్లకు వెళ్లేవాళ్లు కంపెనీ దుస్తులవాళ్లను బతిమాలి ఒక్కరోజుకు తెచ్చుకున్న చీరలవి. మెడల నిండా గిల్టు నగలు. పెద్దమ్మ ఎర్రంచు పట్టుచీర కట్టుకుని, ఇత్తడి చెంబుతో ఎదురొచ్చింది. ఆమెను అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు.

ఇక బావి. సెట్లు వేసేవాళ్లు వారం రోజులు కష్టపడి కూలిన గట్టును మళ్లీ నిలబెట్టారు, రాయితో కాదు, చెక్క చట్రం మీద గోనెగుడ్డ, దానిమీద ప్లాస్టర్. రాతి గీతలు గీసి, రంగు వేసి, అక్కడక్కడ పాచి కూడా పూశారు. వెయ్యేళ్ల నాటి కోట బావిలా నిలబడి ఉంది. వాళ్ల పనితనం నాకు తెలుసు కాబట్టి నాకు అర్థమైంది. ఢిల్లీ ఆవిడకు ఎలా అర్థమవుతుంది?

ఆవిడ నా అప్లికేషను కాగితం తీసి, బావిని చూసి, మళ్లీ కాగితాన్ని చూసింది. "గట్టు కూలిందన్నారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఇది నిజం గట్టు కాదండీ," అన్నాను.

కుర్ర ఆఫీసరు ముసిముసిగా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్ల టైపింగంతా గొంతులోకి వచ్చింది. గబగబా వెళ్లి, ఆ గట్టు మీద చేత్తో బలంగా ఒక్క గుద్దు గుద్దాను. డొల్లగా మోగి, జానెడు ప్లాస్టర్ ముక్క ఊడి నీళ్లల్లో పడింది. లోపల గోనెగుడ్డ బయటపడింది. "చూడండి! చూశారా?" అని అరిచాను.

పెద్దమ్మ మెల్లగా వచ్చి ఆ చిరుగుకు అడ్డంగా నిలబడింది. కొంగు కాస్త పరిచి గోనెగుడ్డ కనపడకుండా కప్పింది. నా వైపు చూడలేదు. పెళ్లివారి ఎదుట పిల్ల పైట లాగినదాన్ని నేను.

"అంత మంచి చీరలు కట్టుకున్నారు, మరి..." అని ఢిల్లీ ఆవిడ మాట మధ్యలో ఆపేసింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పెద్దమ్మ ఇచ్చిన పకోడీలు తిని, చాయ్ తాగింది. కారెక్కేముందు, ఢిల్లీ వెళ్లాక మీకు రాస్తామని చెప్పింది.

నాకు ప్రాణం లేచివచ్చింది. కాదనలేదు కదా! అందరికీ వినపడేలా తెలుగులో చెప్పాను. "వెళ్లి ఉత్తరం రాస్తామంటున్నారు!"

ఒకావిడ మెడలోంచి గిల్టు గొలుసు తీసి కొంగున కట్టుకుంది. కుర్చీలు మడిచే చప్పుడు మొదలైంది. ఆడపిల్లను చూసి వెళ్తూ ఉత్తరం రాస్తామన్నవాళ్లు ఏం రాస్తారో వాళ్లందరికీ తెలుసు. ఇంగ్లీషు వచ్చిన నాకొక్కదానికే తెలియలేదు.

ఉత్తరం నెలన్నరకు వచ్చింది. మరింత అవసరంలో ఉన్న వర్గాలకు ప్రాధాన్యం ఇవ్వాల్సి వచ్చిందని, దరఖాస్తులోని వివరాలకూ చూసినదానికీ పొంతన లేదని. దాన్ని సంచిలో పెట్టుకుని తిరిగాను. పెద్దమ్మకు చెప్పలేదు. ఆమె అడగలేదు. రోజూ వచ్చి నా బల్ల కింద ఊడ్చి, ఎప్పటిలా బిడ్డా అని పలకరించి వెళ్లేది. అడిగి ఉంటే, తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇంకో రెండు ట్రస్టుల ఫారాలు తెప్పించాను గానీ, టైపు మిషన్ ముందు కూచుంటే వేళ్లు కదిలేవి కావు.

వానలకు ముందు ఆమె వరుసగా మూడు రోజులు పనికి రాలేదు. జ్వరమేమోనని పొద్దున్నే బస్సు దిగి బస్తీకి వెళ్లాను. ముళ్లతీగ తీసేసి ఉంది. లారీలో తెచ్చిన రాతి ముక్కలు కుప్ప పోసి ఉన్నాయి. బస్తీ ఆడవాళ్లు వరసగా తట్టలు మోస్తున్నారు. అందులో పెద్దమ్మ కూడా ఉంది. తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, బావి అంచున నిలబడి, వంగి పోసింది. నీళ్లు పడిన చప్పుడు లేదు. అప్పటికే సగం పైగా పూడింది.

"పెద్దమ్మా! నువ్వెందుకు మోస్తున్నావు?"

ఆమె చెమట తుడుచుకుంది. "కూలీలను బయటికెల్లి తెస్తమన్నరు బిడ్డా. వద్దు, మేమే జేస్తమని చెప్పిన. మా ఆయన తవ్విండు. మనోళ్లకు మనమే మట్టెయ్యాలె గద. పరాయోళ్లతోని ఏపిస్తమా?"

సంచిలో చెయ్యి పెట్టి ఉత్తరం తీయబోయాను.

"గది ఉండనీ," అంది. "నాకు ఆ దినమే ఎర్క."

తర్వాత కుప్పలోంచి పిడికెడు రాతి పొడి తీసి నా చేతిలో పోసింది.

"నువ్వు గూడ ఎయ్యి బిడ్డా. నువ్వు గూడ మా దాని కోసం మస్తు తిరిగినవ్."

మా నాన్న సమాధి దగ్గర వేసినట్టే, వంగి వేశాను. వెనక తట్టతో ఇంకో ఆవిడ వచ్చి నిలబడింది. నేను పక్కకు తప్పుకున్నాను.