అవ్వకు చెప్పని మాట

మా అక్క కూతురు ఫోన్ చేసిందంటే మా ఇంట్లో మాటలు వినబడవు, చేతులు ఆడతాయి. ఆమెకు పుట్టుకతోనే వినబడదు. నంద్యాలలో ఒక ప్రెస్సులో పెండ్లి పత్రికలు తయారుచేస్తుంది. నిన్న వీడియోకాల్‌లో ఒక పత్రిక చూపించి, పెండ్లికొడుకు పేరు మీదా పెండ్లికూతురు పేరు మీదా వేలుపెట్టి, రెండు వేళ్లూ దగ్గరికి చేర్చి, నుదురు కొట్టుకుని నవ్వింది. మేనమామా మేనకోడలూ అన్నమాట. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక కోయిలకుంట్లలో మా వంటింట్లో పప్పు ఉడుకుతున్నంతసేపూ మా అవ్వే కళ్ల ముందు తిరిగింది.

అవ్వంటే మా అమ్మను కన్నతల్లి. ఆళ్లగడ్డలో పెద్దకొడుకు దగ్గర, అంటే మా పెద్దమామ దగ్గర ఉండేది. మనిషి బెత్తెడు, గొంతు వీధంత. బయటి సంబంధమన్నా బయటి నీళ్లన్నా ఆమెకు పడేవి కావు. అక్కను తన చిన్నకొడుక్కే చేసుకుంటానని పట్టుబట్టింది. మా నాయన నసిగితే, "నా మనమరాలు నా ఇంటికొస్తాది, నీకేం నొప్పప్పా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు ఆయన బతికినన్నాళ్లూ ఆయనకు దొరకలేదు. చిన్నమామ మెత్తని మనిషి. నంద్యాలలో విత్తనాల అంగట్లో పని కాబట్టి ఇద్దరూ అక్కడే, మా పుట్టింటికి రెండు వీధుల అవతలే కాపురం పెట్టారు.

బిడ్డ పుట్టింది. ఏడాది దాటినా పిలిస్తే తిరిగి చూడదు. కర్నూలులో డాక్టరు పరీక్షలు చేసి, ఇది పుట్టుకతో వచ్చిందనీ, దగ్గరి సంబంధాల్లో ఇట్లాంటివి ఎక్కువనీ చెప్పాడు. బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే అక్క మా అందరిచేతా ఒట్టు వేయించుకుంది. "అవ్వకు తెలిస్తే కూడు ముట్టదు. జొరమొచ్చి చెవులు పోయినాయని చెప్పండి" అంది. అబద్ధం చేతకాని నాయన, కంగారులో ఆ రాని జ్వరం ఎన్ని రోజులుందో కూడా లెక్క చెప్పేశాడు.

అవ్వ ఏడ్చింది, మొక్కులు మొక్కింది. ఆ తర్వాత కొంగు బిగించి, పాపతో చేతులతోనే మాట్లాడడం మొదలుపెట్టింది. నెలలో పది రోజులు నంద్యాలలోనే మకాం. మా ఇంటి సైగల్లో సగం ఆమె కనిపెట్టినవే. శిల్పాలు చెక్కే ఊరు కాబట్టి ఆళ్లగడ్డంటే పిడికిలి మీద సుత్తిదెబ్బ. నందుల ఊరు కాబట్టి నంద్యాలంటే నెత్తిన రెండు కొమ్ములు. నాకు మాత్రం ముక్కు చీదడం. ఆ ఏడాదంతా నాకు జలుబున్న పాపానికి ఆ పేరు ఇప్పటికీ మారలేదు.

పాపకు ఏడో ఏడు నడుస్తుండగా పెద్దమామ తన కొడుక్కి నన్నడిగాడు. నాకూ ఇష్టమే, దాచడమెందుకు. అవ్వ సంబరపడుతుందనుకుంటే, మొహం గంటు పెట్టుకుని "వద్దు" అంది. అమ్మ నిలదీసింది. "ఏందీ కత? పెద్దదానికి నువ్వే చేసినావు, దీనికెందుకొద్దు?"

"వద్దంటే వద్దు. బయట చూడండి."

పెద్దమామ ఆర్నెల్లు తల్లితో మాట్లాడలేదు. మాట్లాడకుండానే ఆమె చేతి సంగటి తిన్నాడు. నేను ఆ కోపంలోనే కోయిలకుంట్ల సంబంధానికి తలూపాను. కోపంతో కట్టుకున్న మనిషి మంచివాడు కావడం నా అదృష్టం.

నాకు కూతురు పుట్టిన మూడో నెలలో అవ్వ చూడ్డానికి మా పుట్టింటికి వచ్చింది. అక్క కూడా తొమ్మిదేళ్ల పాపను తీసుకుని వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం వసారాలో ఉన్నాం. అవ్వ గుట్టుగా పసిబిడ్డ తల వెనక చేరి, ఇత్తడి చెంబు మీద గరిటెతో ఠంగున కొట్టింది. బిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టింది. "ఏడు తల్లీ, బాగా ఏడు!" అంటూ అవ్వ నవ్వుతూ నేల మీద కూలబడింది. చూస్తుండగానే ఆ నవ్వు ఏడుపయింది.

"జొరమూ లేదు, గిరమూ లేదు. నాకు తెల్సు" అంది అక్కతో. "నువ్వు పెండ్లికని పాణ్యం పోయినప్పుడు, ఏమన్నా మందుందేమోనని పాపను నేనే ఈడ డాక్టరు కాడికి తీస్కపోయినా. అమ్మానాయనా చుట్టాలా అనడిగినాడు. అవునయ్యా, నా మనమరాల్నే నా కొడుక్కి చేసినానని గొప్పగా చెప్పినా. అప్పుడు చెప్పినాడు."

"మూడేండ్లు కడుపులో పెట్టుకున్నావా అవ్వా?"

"మీరంత పాట్లుపడి నాకాడ దాస్తాంటే, నేను యాడ చెప్పేది? నువ్వు కుమిలిపోతావని నోరు మూసుకున్నా."

పాప వచ్చి అవ్వ గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఏమైందని అడిగింది. అవ్వ చేతులతో ఆ పిల్లకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. మీసం దువ్వి నాయనను చూపింది, జడ లాగి అమ్మను చూపింది, ఇద్దర్నీ ముడివేసింది తనేనంది. తర్వాత పాప చెవి తాకి, తన చెంపలు వాయించుకుంది.

పాప మళ్లీ మీసం చూపింది, జడ చూపింది, ఆ రెండింటినీ చెరోవైపు తోసేసింది. తన గుండె మీద వేలుపెట్టి, ఖాళీ అరచేతులు చాచి, కనుబొమ్మలెగరేసింది. వాళ్ల పెండ్లి కాకుంటే మరి నేనెక్కడ?

"అడిగిందానికి జవాబు చెప్పవ్వా" అంది అక్క, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో.

"ఏం చెప్పాల్నే? నా నోరే మూయించింది" అని అవ్వ పాపను ఒళ్లోకి లాక్కుంది. పొడుగుకాళ్ల పిల్ల ఆ బెత్తెడు ఒళ్లో పట్టలేదు. అయినా అక్కడే సర్దుకుంది.

ఆనాడు ఆ వసారాలో ఉన్నవాళ్లను కాలం ఒక్కొక్కరినే తీసుకుపోతోంది. ఆ మధ్యాహ్నాన్ని మాత్రం ఎందుకో నా దగ్గరే వదిలిపెట్టింది.