బొటనవేలు చెప్పిన అబద్ధం

నాడీ ఊపిరీ తనే లెక్కపెట్టి చూస్తుందని ఆ నర్సుకు లెక్కల సిస్టరని పేరు. ఆమె గొంతు పెంచకుండానే గెలిచిన తగాదా ఒకటుంది. దాన్ని కళ్లారా చూసింది ఆమె పనిచేసే ఐసీయూ వార్డు ఆయా. అప్పుడామె తడిగుడ్డ పట్టుకుని ఐదో మంచం కింద సగం దూరి ఉంది కాబట్టి ఎవరూ బయటికి పొమ్మనలేదు.

ఆ మంచం మీద, ముందురోజు కడుపు ఆపరేషన్ అయిన మనిషి కళ్లు మూసుకుని ఉన్నాడు. తలాపున తెర మీద అంకెలన్నీ బుద్ధిగా ఉన్నాయి. కొత్తగా చేరిన చిన్న డాక్టరు వాటిని చూసి, హాయిగా నిద్రపోతున్నాడు, కదపకండి అన్నాడు. సిస్టరు పెద్ద డాక్టరును పిలవాలంది. మెషీన్ కన్నా మీకెక్కువ తెలుసా అని అతను నవ్వాడు. ఆమె దుప్పటి తొలగించి, అతని చెయ్యి పట్టుకుని రోగి మోకాలి మీద పెట్టింది. మోకాలు చల్లగా ఉంది, దాని మీద ఊదారంగు మరకలు. వేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడిన గోటికి రంగు తిరిగి రావడానికి ఆయా ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు పట్టింది. మూత్రం సంచి ఎత్తి చూపింది. రెండు గంటలుగా అందులో అడుగు తడిసిందంతే.

"ఇక ఛాతీ మీద చెయ్యి పెట్టి ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టండి బాబూ. తెర మీద పద్దెనిమిది అనుంది. మీకెంతొస్తే అంతే రాస్తాను."

ముప్పై నాలుగొచ్చింది. చిన్న డాక్టరు ఫోన్ అందుకున్నాడు. లోపల కుట్టు వదిలిందని తేలింది, మళ్లీ ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. పదకొండో రోజున ఆ మనిషి తన చెప్పులు తనే తొడుక్కుని వెళ్లాడు. పోతూపోతూ చిన్న డాక్టరుకు దండం పెట్టాడు. ఆయాకు ఒళ్లు మండింది. సిస్టరు మాత్రం, దండం ఎవరికి పెడితే ఏం పెద్దమ్మా, చేతులు రెండూ పైకి లేచాయి కదా అంది.

ఆయా చదువు మంచాల నంబర్ల దగ్గరే ఆగిపోయింది. అయితేనేం, ఆ గదిలో ఆమె కన్నా ముందు నుంచీ ఉన్నవి గోడలే. ఎంతమంది డాక్టర్లు మీసాలు రాకముందు వచ్చి, పొట్టలు పెరిగాక వెళ్లారో ఆమెకు తెలుసు. నోరు ఊరుకోదు కాబట్టి నర్సు పిల్లలు ఆమెకు రేడియో అని పేరు పెట్టారు. రేడియో గొంతు నొక్కగలిగింది లెక్కల సిస్టరొక్కతే. ప్రాణం మీదికొచ్చిన మనుషులున్న గది పెద్దమ్మా, నీ ముచ్చట్లు మెట్ల దగ్గర పెట్టుకో అని రోజుకోసారి తిట్టేది.

సిస్టరు తను మాత్రం మాట్లాడేది. స్పృహ లేనివాళ్లతో మాట్లాడేది. ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకునేది. అప్పుడు రోగి చెవి దగ్గరికి వంగి, ఇప్పుడు పొద్దున్న ఎనిమిదయింది, బయట ముసురు పట్టింది, మిమ్మల్ని ఎడమపక్కకు తిప్పబోతున్నాం, భయపడకండి అని చెప్పి, చెప్పాకే ముట్టుకునేది. ఉలుకూ పలుకూ లేనివాళ్లకు వాన కబురెందుకని ఆయా మొదట్లో ఎగతాళి చేసింది. తర్వాత తర్వాత తనూ కిటికీ వైపు చూసి, వాన పడుతోందో లేదో సిస్టరుకు ముందే అందించేది.

కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా సిస్టరు నేర్పే మొదటి పాఠం నాడి. చూపుడువేలూ మధ్యవేలూ పెట్టాలి. బొటనవేలు పెట్టకూడదు. "బొటనవేలికి తన నాడి తనకుంది. అది పెట్టారంటే మీ నాడే మీకు కొట్టుకుంటుంది, పోయినవాడు కూడా బతికే ఉన్నాడంటారు." పిల్లలు నవ్వేవాళ్లు. ఆ మాట ఆయా ఎన్నిసార్లు విన్నదంటే, పాఠం తనే చెప్పగలనని గొప్పలు పోయేది.

సిస్టరుకు చాలా ఏళ్లుగా షుగర్. ముందు పాదాలు మొద్దుబారాయి. తర్వాత చేతివేళ్లూ మొద్దుబారాయి, ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కనిపెట్టింది టైలరు పని చేసే ఆమె భర్త. ఒకరోజు ఆయన చొక్కాకు గుండీ కుడుతూ సూది వేలిలో దిగినా ఆమె కబుర్లు చెబుతూనే ఉందట. గుడ్డ మీద ఎర్రచుక్క చూసి, "నీ వేలికి గుచ్చుకుంటే నాకు తెలిసింది గానీ నీకు తెలియలేదేమే?" అన్నాడట. ఆమె చొక్కా పక్కన పెట్టి లేచిపోయిందట. ఆయన ఆ సంగతి ఆయా చెవిన వేసి, ఎవరితోనూ అనకమ్మా అని బతిమాలాడు. రేడియో జీవితంలో దాచిన ఒకే ఒక్క కబురు అది.

దాచకుండా ఉండాల్సింది.

నెల తిరక్కుండానే రెండో మంచం మీదున్న ఆడమనిషికి పగటిపూట అందరూ ఉండగానే ఒంట్లో కదలిక ఆగిపోయింది. తెర మీద గీత మాత్రం ఎగిరిపడుతూనే ఉంది. గీత నడిచినా గుండె రక్తాన్ని తోయకపోవచ్చు. అందుకే మెడ దగ్గర నాడి చూడాలి. సిస్టరు చూసింది. "ఉంది," అంది. గోడవారన నిలబడ్డ ఆయాకు ఆ చెయ్యి కనిపించింది. దవడ కింద ఆనింది బొటనవేలు. చేతిలో కాస్తో కూస్తో తెలివి మిగిలిన వేలు అదొక్కటే మరి.

అవతలి పక్క నుంచి చిన్న నర్సు రెండు వేళ్లు ఆనించి, "లేదు మేడమ్," అంది.

ఆ వెంటనే సిస్టరే మంచం మీదికి వంగి రోగి గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టింది. పోయిందనుకున్న నాడి మూడో నిమిషంలో తిరిగొచ్చింది. ఆ మనిషి బతికింది. ఆలస్యమైంది పది సెకన్లే, ఎవరూ పట్టించుకోలేదు. సిస్టరే పెద్ద డాక్టరు దగ్గరికెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది, రిజిస్టరులో తన చేత్తోనే రాసింది. రాసేటప్పుడు పెన్ను రెండుసార్లు జారింది.

ఆమెను దుప్పట్ల గదికి మార్చారు. అది వార్డుకు ఆనుకునే ఉంటుంది, మధ్యలో ఒక్క గోడ. నెలనెలా ఆమె నరాల డాక్టరు దగ్గర కళ్లు మూసుకుని కూర్చునేది. ఆయన సన్నని తీగ వేలికి తాకించి, తెలిసిందా అని అడిగేవాడు. తెలిస్తే మళ్లీ గోడ దాటి వార్డులోకి రావచ్చని ఆమె ఆశ. గోడ అవతల మెషీన్ మోగితే, దుప్పటి మడత పెడుతూ మధ్యలో ఆగిపోయేది. అది మూడో మంచం పెద్దమ్మా, సెలైన్ అయిపోయింది, ఎవరూ వెళ్లరేం అనేది. మోత ఆగేదాకా మడత సాగేది కాదు. ఒక్కోసారి సిస్టరు ఆయా చెయ్యి లాక్కుని మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకునేది. ఆయా తన గుండె ఇంకాస్త గట్టిగా కొట్టుకుంటే బాగుండునని ఊపిరి బిగబట్టేది. అలా బిగబడితే ఏమీ రాదని తెలిసీ బిగబట్టేది.

ఆరో నెల నరాల డాక్టరు, స్పర్శ ఇక తిరిగి రాదు, మీరూ రావక్కర్లేదన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయా దుప్పట్ల కోసం వెళ్లేసరికి సిస్టరు గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. ఏడో మంచానికి కొత్తగా ఎవరొచ్చారని అడిగింది. పాతికేళ్ల పిల్ల, ట్రక్కు గుద్దింది, ఇంకా తెలివి రాలేదని ఆయా చెప్పింది. ఆ పిల్లతో ఎవరైనా మాట్లాడుతున్నారా అంది సిస్టరు. ఎక్కడమ్మా, అందరూ తెరలతోనే మాట్లాడుకుంటున్నారు అంది ఆయా.

సిస్టరు దుప్పట్లు పక్కన పెట్టి, ఆయా చేతులు రెండూ పట్టుకుంది. వాటిని తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది, వెచ్చబడ్డాయో లేదో తనకు తెలియకపోయినా.

"ఇన్నేళ్లూ నీ నోరు మూయించాను పెద్దమ్మా. ఇప్పుడు తెరువు. ఏడో మంచం దగ్గర నేల తుడిచేటప్పుడు ఆ పిల్ల చెవి దగ్గరికి వంగి, టైమెంతయిందో చెప్పు. బయట ఎండో వానో చెప్పు. నువ్వెవరో చెప్పు. రోజూ చెప్పు, పలకట్లేదని మానేయకు. నాకు గోడ ఇవతలికి వినబడేట్టు, కాస్త గట్టిగా చెప్పు."