పాస్‌పోర్టు మీద పసుపు చెయ్యి

దెయ్యాల కథలు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమే. నమ్మింది మాత్రం ఒక్కటీ లేదు. మా పల్లెలో ఎవరికైనా గాలి సోకిందంటే లోలోపల నవ్వుకుని, పుస్తకం పట్టుకుని పక్కకు వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవరినో నమ్మించాలని కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని.

మాది కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డున చిన్న పల్లె. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. అమ్మ, నాయనమ్మ ఎండు చేపలు అమ్మి అన్నయ్యనీ నన్నూ పెంచారు. అన్నయ్యకి చేపల వేట పడలేదు. పడవ ఎక్కితే వాంతులు. గరివిడిలో ఒక షెడ్డులో వెల్డింగ్ నేర్చుకుని, గల్ఫ్ వెళ్తానని పట్టుపట్టాడు. నేను అప్పుడు ఎచ్చెర్లలో ఎం.ఏ. చదువుతున్నాను. 2014 ప్రాంతం.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. నీటి మీదకి వెళ్లే ఏ కొత్త వస్తువుకైనా, పడవ కానివ్వండి, వల కానివ్వండి, ఇంట్లో పెద్ద ఆడమనిషి తడి పసుపులో చెయ్యి ముంచి అచ్చు వేయాలి. అది పడ్డాకే ఆ వస్తువు ఒడ్డు దాటుతుంది. తాత పోయాక కూడా ఆ పని నాయనమ్మే చేసేది. మావాళ్లెవరూ దానికి అభ్యంతరం చెప్పలేదు.

ఆమె అచ్చు ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. చాలా ఏళ్ల కిందట జెల్ల చేప ముల్లు గుచ్చుకుని, చీము పట్టి, కుడిచేతి చూపుడువేలు సగానికి తీసేశారు. మా పడవల మీద పసుపు చేతులన్నిటికీ ఆ వేలు పొట్టిగానే ఉండేది.

పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టిన రోజుల్లో నాయనమ్మ బతికే ఉంది. ఆ గొడవంతా ఆమెకి విచిత్రంగా ఉండేది. "సముద్రం దాటడానికి కాయితమేటే? మా అయ్య రంగం ఎల్లొచ్చాడు. ఎవుడడిగాడు?" అనేది. బర్మాని మా పెద్దవాళ్లు రంగం అనేవారు. ఇప్పుడు అలా కుదరదని నేను చెబితే, "అయితే ఆ కాయితమే ఈడికి పడవన్నమాట" అంది. పాస్‌పోర్టు చేతికి రాకముందే, ఆ వానాకాలంలో, జ్వరంతో పోయింది.

వీసా వచ్చాక అమ్మ గిన్నెలో పసుపు కలిపి తెచ్చింది. నేను అడ్డుపడ్డాను. నిబంధనలన్నీ నెట్‌లో చదివింది నేనే. గడువు ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి, ఖాళీ పేజీలుండాలి, పదో తరగతి తప్పినవాడు కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా పేజీలు చిరగకూడదు, మరకలు పడకూడదు.

"పడవకేసి దీనికెయ్యకపోతే ఎలాగే? ఆడ్ని దాటించేది ఇదే గదా" అంది అమ్మ.

"అమ్మా, నువ్వు పసుపు రాస్తే ఆళ్లు నన్ను పంపరు, దాన్ని పూజలో ఎట్టుకుంటారు" అని అన్నయ్య నవ్వి, నన్ను చూపించాడు. "మన కలెక్టరమ్మని అడుగు. ఏడాదికోపాలి నోరిప్పుతాది, ఇప్పుడిప్పింది. ఇనాల."

చివరికి అమ్మ పైనున్న ప్లాస్టిక్ కవరుకి ఒక బొట్టు పెట్టి ఊరుకుంది. నేను ఆ కవరు తీసేసి కొత్తది తొడిగాను. పేజీలన్నీ తిప్పి చూశాను. శుభ్రంగా ఉన్నాయి.

ఆమదాలవలసలో రైలెక్కి, షెడ్డులో పనిచేసే మరో నలుగురితో కలిసి అన్నయ్య హైదరాబాద్ వెళ్లాడు. పాస్‌పోర్టు మెడలో వేలాడే చిన్న సంచిలో ఉంది. అక్కడ పొద్దున్నే ఏజెంటు అందరి పాస్‌పోర్టులూ జిరాక్స్ తీయించి, వాటిని తిరిగి ఇచ్చేశాడు. అన్నయ్యది మళ్లీ ఆ సంచిలోకే వెళ్లింది. సాయంత్రం విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర అధికారి దాన్ని తెరిచి, మిషన్ మీద పెట్టాడు. మిషన్ చదవలేదు. మళ్లీ పెట్టాడు. తర్వాత అన్నయ్య వైపు తిప్పి చూపించి, ఇదేమిటని అడిగాడు.

ఫొటో ఉన్న పేజీ నిండా పసుపు చెయ్యి. నాలుగు వేళ్లు, అరచేతి పైభాగం. వేళ్ల కొనలు సరిగ్గా పేజీ అడుగున మిషన్ చదివే రెండు వరసల మీద పడ్డాయి.

అధికారి గోటితో గీకాడట. రాలేదు. ఆ పేజీకి పైన పల్చటి ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. మరక దాని కింద ఉంది. పొర ఎక్కడా లేవలేదు, చిరగలేదు. అదే వాళ్లకి పెద్ద అనుమానమైంది. ఫొటో మార్చావా అని చాలాసేపు కూర్చోబెట్టి అడిగారు. మిగతా నలుగురూ విమానం ఎక్కేశారు. అన్నయ్యని వెనక్కి పంపేశారు.

ఇంటికొచ్చి అన్నయ్య ఆ పాస్‌పోర్టు అమ్మ ముందు పడేశాడు. "సేసింది సాలా?" అన్నాడు. అమ్మ పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుంది. దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి, ఆ అచ్చు మీద తన కుడిచెయ్యి ఆనించింది. మూడు వేళ్లు సరిపోయాయి. చూపుడువేలు మాత్రం అచ్చుని దాటి ముందుకు వచ్చింది.

అమ్మ దాన్ని నా చేతికిచ్చింది. నేను ఆ పొట్టి వేలు చూస్తూ నిలబడ్డాను. ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. ఏదో ఒక కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని అనుకున్నాను. ఏజెంటుకి ఫోన్ చేసి ఆ రోజు తీసిన జిరాక్స్ పంపించమన్నాను. వచ్చింది. అందులో అన్నయ్య ముఖం, కింద రెండు వరసలు, అంతా స్పష్టంగా ఉంది. మరక లేదు. భయం అప్పుడు వేసింది.

పల్లెలో అందరూ ఒకటే మాట. ముసలమ్మ మనవడిని ఆపింది, ఇక పంపొద్దు. అన్నయ్య వినలేదు. పాడైన పాస్‌పోర్టు కింద జరిమానా కట్టి, విశాఖలో మళ్లీ దరఖాస్తు పెట్టాడు. కొత్తది పోస్టులో వచ్చిన రోజు తనే పోస్టాఫీసుకి వెళ్లి తీసుకుని, అటునుంచి అటే శ్రీకాకుళంలో స్నేహితుడి గదికి పోయాడు. మా ఇంటి గడప తొక్కనివ్వలేదు దాన్ని. మొదటి కంపెనీ వీసా అప్పటికే పోయింది. మరో కంపెనీలో, మరో దేశంలో పని దొరికింది.

బయల్దేరే రోజు అమ్మా నేనూ స్టేషన్‌కి వెళ్లాం. రైలు కిటికీలోంచి పాస్‌పోర్టు తెరిచి చూపించాడు. "సూసుకో అమ్మా. అద్దంలాగున్నాది." నేను కూడా దగ్గరగా చూశాను. ఏ మరకా లేదు. ఈసారి ఎవరూ ఆపలేదు. కౌంటరు దాటాక ఫోన్ చేసి గట్టిగా నవ్వాడు.

ఏడాది తిరక్కముందే, పని చేస్తున్న చోట ఎత్తు మీంచి పడి అన్నయ్య చనిపోయాడు. మనిషి దాటడానికి కావలసిన కాగితాల కంటే శవం దాటడానికి ఎక్కువ కాగితాలు కావాలని అప్పుడు తెలిసింది. అక్కడి ఎంబసీ వాళ్లు పాస్‌పోర్టు రద్దు చేస్తేనే పెట్టె విమానం ఎక్కుతుంది. వారాల తరబడి రోజూ ఫోన్లు చేశాను. మనుషులతో మాట్లాడలేని నేను, ఎవరెవరితోనో మాట్లాడాను. పెట్టెతోపాటు రద్దయిన పాస్‌పోర్టు కూడా వచ్చింది. ప్రతి పేజీ చూశాను. పసుపు ఎక్కడా లేదు.

పల్లెలో వాళ్లకి కథ అక్కడితో అర్థమైపోయింది. ముసలమ్మ ఒకసారి ఆపింది, వీడు వినలేదు, పోయాడు.

నాకు అర్థం కాలేదు. ఎందుకంటే ఆ తర్వాతి సంవత్సరం, మొదటిసారి అన్నయ్యతో బయల్దేరిన ఆ నలుగురూ ఒప్పందం పూర్తి చేసుకుని క్షేమంగా తిరిగొచ్చారు. ఒకరికి చిన్న గాయం కూడా కాలేదు. మా ఇంటికొచ్చి, అరుగు మీద తలలు దించుకుని కూర్చుని, టీ తాగకుండానే వెళ్లిపోయారు. ఆ రోజు కౌంటరు దాటి ఉంటే అన్నయ్య ఆ అరుగు మీద ఐదోవాడిగా ఉండేవాడు.

వాళ్లు వెళ్లాక ఆ మాట అమ్మతో అన్నాను. ఆపడానికే అచ్చు వేసిందంటే, దేన్నుంచి ఆపినట్టు?

అమ్మ ఎండబెట్టిన చేపలు తిరగేస్తోంది. నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఆపడానికి కాదే గుంటా. మీ నాయనమ్మ ఎప్పుడైనా పడవని ఆపడానికి సెయ్యేసిందా? సల్లగా ఎల్లి రమ్మని ఏసింది. మనమెయ్యలేదని ఆవిడేసింది. దాని మీద మరక పడకూడదని ఆవిడికేటి తెలుసు?"

మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ప్లాస్టిక్ పొర కిందికి పసుపు ఎలా వెళ్లిందో నేను ఈనాటికీ చెప్పలేను. చదువుకున్నవాళ్లని అడిగాను, పాస్‌పోర్టు ఆఫీసులో అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. అమ్మ మాట నమ్మితే, నాయనమ్మ అన్నయ్యని దీవించబట్టే అన్నయ్య ఆ విమానం ఎక్కలేకపోయాడు. నమ్మకపోతే, ఆ చెయ్యి ఎవరిదో నేనే చెప్పాలి. రెండింటిలో ఏదీ నావల్ల కావడం లేదు.