శని, ఆదివారాలు మాత్రకు సెలవు

మా ఆయనకు గుండెకని ఇచ్చిన డిజాక్సిన్ మాత్ర వారానికి ఐదు రోజులే. శని, ఆదివారాలు సెలవు. ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పుతుందని సీతమ్మధార డాక్టరు ముందే హెచ్చరించాడు. బడిలో లెక్కలు చెప్పినదాన్ని. మాత్ర నా చేత్తోనే ఇచ్చి, స్ట్రిప్పు వెనక తారీఖు వేసేదాన్ని.

ఒక సోమవారం పొద్దున్న వాంతులు చేసుకుని పడిపోయారు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు కాబట్టి పోస్టుమార్టం చేశారు.

పెద్దకార్యం నాడు, విస్తళ్ల ముందు బంధువులంతా వింటుండగా మరిది అన్నాడు: “మా అన్నకి మందెక్కువేసీసింది ఒదినే. లెక్కల పంతులమ్మ కదా, కూడిక తప్పింది.” ఎవరో నవ్వారు కూడా.

తర్వాత రిపోర్టు వచ్చింది. రక్తంలో డిజాక్సిన్ చాలా ఎక్కువ. ఎస్సై పిలిచాడు.

“పెద్దోరు, రెండుసార్లు ఇచ్చీసుంటారు మామ్మా. మర్సిపోయానని రాసీయండి, అయిపోద్ది.”

“మర్చిపోలేదు. రాయను.” స్ట్రిప్పులు బల్ల మీద పెట్టాను. “ఎక్కువ ఇచ్చుంటే ఇక్కడ మాత్రలు తగ్గాలి. తగ్గలేదు. ఆ ఎక్కువ ఎక్కడిదో మీరే కనుక్కోండి.”

పోస్టుమార్టం చేసిన డాక్టరమ్మనూ అదే అడిగాను. ఆవిడ రిపోర్టు మళ్లీ తిరగేసింది. “గన్నేరు విషం ఉన్నా ఈ పరీక్ష డిజాక్సిన్ అనే చూపించవచ్చండీ. నాటుమందేమైనా వాడారా?”

“నా ఇంట్లోనా?” అని కసిరి వచ్చాను. వచ్చి వెతికితే, ఆయన చుట్టల డబ్బా అడుగున పొడి పొట్లం! తీసుకెళ్లి ఎస్సై చేతిలో పెట్టాను. దాచి ఉంచిన రక్తాన్ని, ఆ పొడిని, దేనికది విడదీసి చూపే యంత్రంలో మళ్లీ పరీక్షించారు. రెండింట్లోనూ గన్నేరు. రక్తంలో మాత్ర మందు ఉండాల్సినంతే ఉంది.

మోకాళ్ల నొప్పులకని ఆ పొడి ఊరి నుంచి తెచ్చింది మరిదే. మందిచ్చిన నాటువైద్యుడు చూసుకోకుండా గన్నేరు వేరు నూరేశాడు. నేను తిడతానని అన్నదమ్ములిద్దరూ దాచారు.

మరిది గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. “తెలీక తెచ్చీసినానొదినా. నీ కాళ్లట్టుకుంటాను.”

“కాళ్లు వద్దు. విస్తళ్ల ముందు అన్నావు. సంవత్సరీకానికి అందరూ వస్తారు, విస్తళ్ల ముందే చెప్పు.”

“అందరి ముందా? నానెలా సెప్పగలనొదినా?”

“నన్నన్నప్పుడు ఎలా చెప్పావో అలాగే.”

సంవత్సరీకం రోజు అతను నోరు విప్పేదాకా నేను గరిటె ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పులుసు చల్లారిపోతోందని ఎవరో సణిగారు.

చల్లారనీ అన్నాను.